ప్లేట్‌లెట్లు ఎక్కించినా కౌంట్ పెరగనప్పుడు: గంట శాంపిల్ నుంచి సరిపడే బ్యాగు దాకా

లుకేమియా రోగికి నిన్న ఒక ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మెషిన్‌తో తీసిన ప్లేట్‌లెట్ల బ్యాగు) ఎక్కించారు, ఇవాళ ఉదయం ఇంకొకటి. కౌంట్ మాత్రం 6,000 దాటలేదు. ఇలాంటప్పుడు వార్డు నుంచి బ్లడ్ సెంటర్‌కి ఫోన్ వస్తుంది: "ప్లేట్‌లెట్ యాంటీబాడీ పరీక్ష చేస్తారా?" దానికి ముందు మీరు ఎదురు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బ్యాగు అయిపోయిన గంటలోపు కౌంట్ ఎంత? చాలాసార్లు జవాబు ఉండదు. ఆ శాంపిల్ ఎవరూ తీసి ఉండరు. మర్నాటి ఉదయం రొటీన్ సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చూసి "ఎక్కడం లేదు" అనేస్తారు. ఆ ఒక్క అంకెతో యాంటీబాడీల సంగతి తేల్చలేరు.

ఇది బ్లడ్ సెంటర్ టెక్నాలజిస్టులకు, హెమటాలజీ, ఆంకాలజీ వార్డుల్లో పనిచేసే డాక్టర్లకు, నర్సులకు ఉద్దేశించింది. మందుల మోతాదు, ఎక్కించే నిర్ణయం చికిత్స చేస్తున్న డాక్టరువే.

ముందు గంట శాంపిల్

ఎక్కించే ముందు ఒక శాంపిల్, బ్యాగు పూర్తయిన 10 నిమిషాల నుంచి 60 నిమిషాల లోపు ఇంకొకటి తీయండి. వార్డు రద్దీలో గంట దాకా ఆగితే మర్చిపోతారు. 10 నిమిషాలకు తీసినా ఫలితం దాదాపు అదే కాబట్టి బ్యాగు దించిన నర్సే, పది నిమిషాలు ఆగి తీసేలా ఏర్పాటు చేసుకోండి. ప్లేట్‌లెట్లు ఎక్కిన లైన్‌లోంచి తీయకండి, రెండో చేతి నుంచి తీయండి. సెంట్రల్ లైన్ తప్ప దారి లేకపోతే వేరే ల్యూమెన్ వాడి, మొదట వచ్చిన రక్తం పారేశాక తీయండి. 18 నుంచి 24 గంటల మధ్య మూడో శాంపిల్ కూడా ఉంటే కథ పూర్తిగా తెలుస్తుంది.

ల్యాబ్‌లో స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తం) తప్పక చూడండి. 10,000 లోపు కౌంట్‌లో మెషిన్ చెప్పే అంకెను గుడ్డిగా నమ్మలేం. విరిగిన ఎర్రకణాల ముక్కల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కేయొచ్చు. ఈడీటీఏ ట్యూబులో గుంపులు కట్టిన ప్లేట్‌లెట్లను వదిలేయొచ్చు కూడా. గుంపులు కనిపిస్తే సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన కౌంట్‌ను 1.1తో గుణించండి. యాంటీబాడీ పరీక్ష దాకా వెళ్లిన కేసు ఈడీటీఏ గుంపుల దగ్గర తేలిపోవడం కొత్తేమీ కాదు.

సీసీఐ లెక్క

కౌంట్ ఎంత పెరిగిందన్నది రోగి శరీరం పరిమాణం మీద, బ్యాగులో ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ రెండిటినీ సరిచేసి చూపేదే సీసీఐ (కరెక్టెడ్ కౌంట్ ఇంక్రిమెంట్):

సీసీఐ = (తరవాతి కౌంట్ − ముందటి కౌంట్) × శరీర ఉపరితలం చదరపు మీటర్లలో ÷ ఎక్కించిన ప్లేట్‌లెట్లు (10¹¹ లెక్కన)

కౌంట్ మైక్రోలీటర్‌కి ఎన్నో అలాగే వేయండి. ఉపరితలానికి ఎత్తు సెంటీమీటర్లను బరువు కిలోలతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయండి. 160 సెం.మీ., 58 కిలోల మనిషికి 1.6 వస్తుంది.

బ్యాగులో ఎన్ని ఉన్నాయన్నదే ఇక్కడ చిక్కు. ప్రమాణం ప్రకారం ఎస్‌డీపీలో కనీసం 3×10¹¹ ఉండాలి. ఆర్‌డీపీలో (మామూలు రక్తదానం బ్యాగు నుంచి వేరుచేసిన ప్లేట్‌లెట్లలో) 450 మి.లీ. రక్తం నుంచి తీస్తే 4.5×10¹⁰, 350 మి.లీ. నుంచి తీస్తే 3.5×10¹⁰ ఉండాలి. కనీసం అంటే కనీసమే, అసలు అంకె దానికి పైన ఎంతైనా ఉండొచ్చు, కొన్నిసార్లు తక్కువా ఉంటుంది. ఎస్‌డీపీకైతే బ్యాగు నుంచి తీసిన శాంపిల్ కౌంట్‌ను పరిమాణంతో గుణించుకోండి. మైక్రోలీటర్‌కి 12 లక్షలు, 250 మి.లీ. ఉంటే సరిగ్గా 3×10¹¹. పరిమాణం కోసం ఖాళీ బ్యాగు బరువు తీసేసి, మిగిలిన గ్రాములను 1.03తో భాగిస్తే చాలు.

పై మనిషికే రెండు సందర్భాలు చూడండి. ఎస్‌డీపీ ఎక్కించాక 6,000 నుంచి 9,000కి వచ్చింది: 3,000 × 1.6 ÷ 3 = 1,600. ఇది దారుణం. ఇంకోరోజు నాలుగు ఆర్‌డీపీలు, అంటే 1.8×10¹¹ ఎక్కించాక 8,000 నుంచి 15,000కి వచ్చింది: 7,000 × 1.6 ÷ 1.8 = 6,200 పైచిలుకు. వార్డు చార్టులో "7,000 మాత్రమే పెరిగింది" అని నిరాశగా రాసి ఉంటుంది, కానీ ఇచ్చిన డోసే తక్కువ. ఆ ప్లేట్‌లెట్లు పర్వాలేదనిపించేలానే పనిచేశాయి.

గంట సీసీఐ 5,000 కంటే తక్కువ, అదీ వరసగా రెండుసార్లు, రెండుసార్లూ ఒకే గ్రూపు, 72 గంటలలోపు తీసిన బ్యాగులతో వస్తేనే రిఫ్రాక్టరీ (ప్లేట్‌లెట్లు ఎక్కించినా నిలవని స్థితి) అనండి. కొన్ని కేంద్రాలు 7,500ను హద్దుగా పెట్టుకుంటాయి. ఒక్కసారి తక్కువ రావడం ఏదీ తేల్చదు. నాలుగైదు రోజుల పాతబడ్డ బ్యాగు, వేరే గ్రూపు బ్యాగు లెక్కలోకి రావు.

యాంటీబాడీలు కాని కారణాలే ఎక్కువ

ఎక్కించినా పెరగని కేసుల్లో మూడింట రెండొంతులకు పైగా యాంటీబాడీలతో సంబంధం లేనివే. జ్వరం, సెప్సిస్, డీఐసీ (రక్తనాళాల్లో ఎక్కడికక్కడ గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు ఖర్చయిపోయే స్థితి), పెరిగిన ప్లీహం, జరుగుతున్న రక్తస్రావం, మజ్జ మార్పిడి తరవాత వచ్చే జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి శరీరం మీద తిరగబడే జబ్బు), యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు. ఇవి ఒక్కో రోగిలో రెండు మూడు కలిసే ఉంటాయి.

గంట శాంపిల్‌లో బాగా పెరిగి 24 గంటలకు పడిపోతే ప్లేట్‌లెట్లు ఎక్కాయి, కానీ ఖర్చయిపోతున్నాయి. జ్వరం, సెప్సిస్, డీఐసీ వైపు చూడండి. గంటకే పెరగకపోతే యాంటీబాడీల అనుమానం బలపడుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: ప్లీహం బాగా పెరిగిన రోగిలోనూ గంటకే పెరగదు, ప్లేట్‌లెట్లు అందులోకి వెళ్లి కూర్చుంటాయి. కాబట్టి పరీక్ష రాసేముందు పొట్ట మీద చెయ్యి వేసి చూడండి.

మందుల జాబితా విడిగా చదవండి. వాంకోమైసిన్, పైపరాసిలిన్, రిఫాంపిసిన్, సల్ఫా మందులు, క్వినైన్ వంటివి ఉన్నంతసేపే పనిచేసే యాంటీబాడీలు పుట్టించగలవు. రోగికి ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా వాటికి బలవుతాయి. హెచ్‌ఎల్‌ఏ (తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల వంటివాటి మీద ఉండే కణజాల గుర్తులు) యాంటీబాడీల రిపోర్టులో ఏమీ కనపడదు, మందు ఆపితే కొద్ది రోజుల్లో కౌంట్ నిలబడుతుంది. హెపారిన్ వాడుతుంటే హెచ్‌ఐటీ (హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోవడం) గురించి ఆలోచించండి. టీటీపీ (చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు) అనుమానం ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కించడమే ఆపి ముందు ఆ సంగతి తేల్చండి.

వర్షాకాలం డెంగ్యూ రోజుల్లో "మూడు ఎస్‌డీపీలు ఎక్కించాం, పెరగడం లేదు, యాంటీబాడీ చూడండి" అనే అభ్యర్థనలు వస్తుంటాయి. ఆ జ్వరంలో ప్లేట్‌లెట్లు ఖర్చవుతూనే ఉంటాయి, జబ్బు తిరిగే దశ వచ్చాక కౌంట్ దానంతటదే లేస్తుంది. అక్కడ యాంటీబాడీ పరీక్ష డబ్బు దండగ. రక్తస్రావం లేని డెంగ్యూ రోగికి అంకె చూసి బ్యాగు మీద బ్యాగు ఎక్కించడం కూడా అలాంటిదే. ఐటీపీ (సొంత ప్లేట్‌లెట్ల మీదే శరీరం తిరగబడే జబ్బు) నిర్ధారణకు కూడా ఈ పరీక్షలు ఉద్దేశించినవి కావు.

పరీక్షకు ముందు చేయగల చౌకైన పని

రెండు బ్యాగులు సరిగ్గా అదే గ్రూపువి, వీలైనంత తాజావి ఇచ్చి, రెండిటికీ గంట కౌంట్ తీయండి. 'ఓ' గ్రూపు రోగిలో యాంటీ-ఏ బలంగా ఉంటే 'ఏ' గ్రూపు ప్లేట్‌లెట్లు సరిగా నిలవవు, ఎందుకంటే 'ఏ' యాంటిజెన్ ప్లేట్‌లెట్ మీద కూడా ఉంటుంది. ఏ2 ఉపగ్రూపు దాతల ప్లేట్‌లెట్ల మీద అది దాదాపు ఉండదు. 'ఓ' గ్రూపు దాత దొరకనప్పుడు గుర్తుపెట్టుకోదగ్గ విషయం ఇది. ఆర్‌హెచ్‌డీ ప్లేట్‌లెట్ల మీద ఉండదు కాబట్టి పాజిటివా నెగటివా అన్నదానితో కౌంట్ మారదు.

ఈ రెండు బ్యాగులతో సమస్య తీరిపోతే యాంటీబాడీ పరీక్ష అక్కర్లేదు. తీరకపోతే పంపండి.

ఏ పరీక్ష, ఏ ట్యూబు

మొదటిది హెచ్‌ఎల్‌ఏ క్లాస్ వన్ యాంటీబాడీల పరీక్ష. ప్లేట్‌లెట్ల మీద ఏ, బీ లోకస్ యాంటిజెన్లు గట్టిగా ఉంటాయి, సీ తక్కువ. క్లాస్ టూ ఉండదు, కాబట్టి దానికి డబ్బు కట్టించకండి. కిడ్నీ మార్పిడి రోగులకు పనిచేసే హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్‌లలో లూమినెక్స్ (యాంటిజెన్ పూసిన పూసలతో పరీక్షించే యంత్రం) మీద చేసే క్లాస్ వన్ స్క్రీనింగ్, సింగిల్ యాంటిజెన్ పరీక్షలే ఇక్కడా పనికొస్తాయి. పాత పద్ధతి అయిన సీడీసీ, కాంప్లిమెంట్‌ను (రక్తంలోని రక్షణ ప్రోటీన్లను) పట్టుకునే యాంటీబాడీలనే చూపిస్తుంది, బలహీనమైనవి జారిపోతాయి.

రెండోది హెచ్‌పీఏ (ప్లేట్‌లెట్లకే చెందిన యాంటిజెన్లు) యాంటీబాడీలు, అంటే జీపీ టూబీ/త్రీఏ, వన్‌బీ/నైన్, వన్‌ఏ/టూఏ వంటి గ్లైకోప్రోటీన్ల మీద పనిచేసేవి. దీనికి మైపా అనే పద్ధతి ప్రామాణికం. చేసే ల్యాబ్‌లు తక్కువ. రిఫ్రాక్టరీ కేసుల్లో ఒక్క హెచ్‌పీఏ యాంటీబాడీయే కారణం కావడం అరుదు కాబట్టి దీన్ని మొదట పంపాల్సిన పని లేదు. హెచ్‌ఎల్‌ఏ సరిపోయిన బ్యాగు కూడా పనిచేయనప్పుడు పంపండి. గ్లాంజ్‌మన్, బెర్నార్డ్-సూలియర్ అనే, ప్లేట్‌లెట్ల మీద ఒక గ్లైకోప్రోటీన్ లోపించే పుట్టుక జబ్బుల రోగులు ఇందుకు మినహాయింపు. వాళ్ల శరీరం ఆ గ్లైకోప్రోటీన్‌నే పరాయిదిగా చూస్తుంది.

యాంటీబాడీకి ప్లెయిన్ ట్యూబులో 5 మి.లీ., హెచ్‌ఎల్‌ఏ టైపింగ్‌కి ఈడీటీఏలో 5 మి.లీ. తీయండి. టైపింగ్ శాంపిల్‌ను కీమో మొదలుకాకముందే తీసి ఉంచడం మేలు. తెల్లకణాలు 500 దగ్గర ఉన్న రోగి రక్తంలోంచి సరిపడా డీఎన్‌ఏ రాకపోవచ్చు. ఆలస్యమైతే చెంప లోపలి స్వాబ్ ఇవ్వండి. ఫారం మీద గర్భాల సంఖ్య, ఇంతకుముందు ఎక్కించిన రక్తం, రెండు సీసీఐలు, గత కొద్ది వారాల్లో ఐవీఐజీ (నరంలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్) గానీ ఏటీజీ (టీ కణాలను అణిచే యాంటీబాడీ మందు) గానీ ఇచ్చారా అన్నది రాయండి. ఏటీజీ ఇచ్చిన రోగిలో పరీక్ష అబద్ధపు పాజిటివ్ చూపించగలదు. గర్భాల సంఖ్య ఎందుకంటే బిడ్డలో తండ్రి నుంచి వచ్చిన హెచ్‌ఎల్‌ఏకి తల్లి శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లికి లుకేమియా వస్తే మొదటి ఎస్‌డీపీకే పెరగకపోవచ్చు.

రిపోర్టు చదవడం

సీపీఆర్ఏ (రోగి యాంటీబాడీల వల్ల సరిపడని దాతల శాతం) 90 శాతం అంటే వందమంది దాతల్లో సుమారు పదిమందే సరిపోతారని అర్థం. 20 శాతం లోపు ఉంటే సాధారణ దాతల్లో ఎక్కువమంది సరిపోతారు. అప్పుడు కౌంట్ పెరగకపోవడానికి కారణం వేరే ఎక్కడో ఉంది, మళ్లీ జ్వరం చార్టు తెరవండి.

ఎంఎఫ్‌ఐ (యాంటీబాడీ బలాన్ని చూపే లూమినెక్స్ అంకె) హద్దు దగ్గర జాగ్రత్త. కిడ్నీ మార్పిడికి వాడే తక్కువ హద్దుల్నే ప్లేట్‌లెట్లకూ వాడితే పనికొచ్చే దాతలను మీరే చేజేతులా కొట్టేసుకుంటారు. బలహీనమైన యాంటీబాడీ ఉన్నా ప్లేట్‌లెట్లు చాలాసార్లు నిలుస్తాయి. జాబితాను ఎంఎఫ్‌ఐ వరసలో అడిగి తీసుకుని, పైనున్న బలమైనవాటిని ముందు తప్పించండి, కింద ఉన్న బలహీనమైనవాటిని అవసరాన్ని బట్టి పట్టించుకోకుండా వదిలేయండి. దీనికి తలకిందులుగా, చాలా బలమైన సీరంలో కాంప్లిమెంట్ అడ్డుపడి ఎంఎఫ్‌ఐ తక్కువగా కనిపించవచ్చు. క్లినికల్‌గా స్పష్టంగా రిఫ్రాక్టరీ అయి రిపోర్టు బలహీనంగా వస్తే, ఈడీటీఏతోనో సీరం పలుచన చేసో మళ్లీ చేయమని ల్యాబ్‌ను అడగండి.

సరిపడే బ్యాగు తెచ్చే మూడు దారులు

మొదటి దారి హెచ్‌ఎల్‌ఏ మ్యాచ్: ఏ, బీ నాలుగు యాంటిజెన్లూ రోగివే ఉన్న దాత. గ్రేడ్ ఏ (నాలుగూ కలిసినవి), బీయూ (దాతలో కనిపించినవన్నీ రోగిలోనూ ఉన్నవి) మంచివి. సీ, డీ గ్రేడులు (ఒకటి లేదా ఎక్కువ కలవనివి) పేరుకే మ్యాచ్, వాటితో మామూలు దాత కంటే ఎక్కువ ఆశించలేం. మన దగ్గర హెచ్‌ఎల్‌ఏ వైవిధ్యం ఎక్కువ, టైపింగ్ చేసిన ప్లేట్‌లెట్ దాతల పెద్ద జాబితాలు తక్కువ. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరికీ పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. కానీ రోగికి మజ్జ మార్పిడి చేసే ఆలోచన ఉంటే మార్పిడికి ముందు రక్తసంబంధీకుల ప్లేట్‌లెట్లు ఎక్కించకండి. మార్పిడికి ఇచ్చే ఆ దాత మీదే రోగి శరీరం ముందుగా తిరగబడే ప్రమాదం ఉంది.

రెండో దారి యాంటీబాడీని బట్టి ఎంపిక: దాతకు రోగి యాంటిజెన్లు ఉండనక్కర్లేదు, రోగికి యాంటీబాడీ ఉన్న యాంటిజెన్ మాత్రం ఉండకూడదు. మన దగ్గర వాస్తవంగా నడిచే దారి ఇదే. మీ బ్లడ్ సెంటర్‌లో తరచూ ఎస్‌డీపీ ఇచ్చే దాతలు ముప్పై నలభైమంది ఉంటే, వాళ్లకు ఒక్కసారి హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ చేయించి ఉంచండి, ఖర్చు తిరిగొస్తుంది. నిబంధనల ప్రకారం ఒకే దాత కనీసం 48 గంటల తేడాతో, వారానికి రెండుసార్లకు, ఏడాదికి 24 సార్లకు మించకుండా ఇవ్వొచ్చు. అంటే ఒక్క మంచి దాత దొరికినా రోగి కష్టకాలంలో సగం గట్టెక్కుతాడు.

మూడోది క్రాస్‌మ్యాచ్, అంటే రోగి సీరాన్ని దాత ప్లేట్‌లెట్లతో కలిపి చూడటం. దాతల టైపింగ్ లేకపోయినా చేయొచ్చు, హెచ్‌పీఏ, హెచ్‌ఎల్‌ఏ రెండిటినీ కలిపే చూస్తుంది. సీపీఆర్ఏ 90 దాటినవాళ్లకు మాత్రం స్టాకులో ఉన్న నాలుగైదు బ్యాగుల్లో ఒక్కటీ సరిపోకపోవచ్చు.

హెచ్‌ఎల్‌ఏ చూసి ఎంచిన బ్యాగు, బంధువు ఇచ్చిన బ్యాగు ఏదైనా ఇర్రేడియేషన్ (రేడియేషన్ ఇచ్చి దాత లింఫోసైట్లు పెరగకుండా చేయడం) తప్పనిసరి: బ్యాగు మధ్యలో 25 గ్రే, ఎక్కడా 15 గ్రేకి తగ్గకుండా. హెచ్‌ఎల్‌ఏ కలిసినకొద్దీ దాత లింఫోసైట్లను రోగి శరీరం గుర్తుపట్టదు, అవి రోగి మీదే పెరిగి దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమయ్యే టీఏ-జీవీహెచ్‌డీ (ఎక్కించిన రక్తం వల్ల వచ్చే జీవీహెచ్‌డీ) తెస్తాయి. ల్యూకో ఫిల్టర్ (తెల్లకణాలను తీసేసే ఫిల్టర్) దీన్ని ఆపదు.

ఘన దశ క్రాస్‌మ్యాచ్ చేసే తీరు

పరిమాణాలు, నిమిషాలు, వేగాలు మీ కిట్ కాగితం ప్రకారమే. వరస మాత్రం ఇది.

1. రోగి నుంచి తాజాగా తీసిన సీరం, అదే గ్రూపు దాతల బ్యాగుల నుంచి ట్యూబు సెగ్మెంట్లు సిద్ధం చేసుకోండి. సెగ్మెంట్‌లో నిలిచిన ప్లేట్‌లెట్లు బ్యాగువాటిలా ఉండేలా ముందు స్ట్రిప్ చేసి (గొట్టంలోది పిండి బ్యాగులోకి తోసి) కలపండి.
2. వెల్‌లో దాత ప్లేట్‌లెట్లు వేసి సెంట్రిఫ్యూజ్ చేయండి. అడుగున పలుచని పొర అంటుకుంటుంది. అంటనివాటిని కడిగేయండి.
3. లిస్ (ఉప్పు తక్కువున్న ద్రావణం), రోగి సీరం వేసి 37 డిగ్రీల వద్ద ఉంచండి. పాజిటివ్, నెగటివ్ కంట్రోళ్లు పక్కనే నడవాలి.
4. కడగండి. కిట్ ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు, ఒక్కటీ తగ్గించకుండా.
5. యాంటీ-ఐజీజీ, సూచిక ఎర్రకణాలు వేసి సెంట్రిఫ్యూజ్ చేసి చదవండి. కణాలు వెల్ అంతా పరుచుకుంటే పాజిటివ్, మధ్యలో బటన్‌గా చేరితే నెగటివ్.

తప్పులు ఎక్కువగా నాలుగో మెట్టు దగ్గరే. మిగిలిపోయిన సీరం ఐజీజీ యాంటీ-ఐజీజీని తినేస్తుంది, పాజిటివ్ కాస్తా నెగటివ్ అవుతుంది. ఎర్రకణాల కూంబ్స్ పరీక్షలో జరిగేదే ఇక్కడా. గట్టిగా పిచికారీ చేసి కడిగితే ప్లేట్‌లెట్ పొరే ఊడిపోయి మళ్లీ అబద్ధపు నెగటివ్. చివరి సెంట్రిఫ్యూజ్ వేగం తగ్గితే కణాలు బటన్‌గా చేరక పాజిటివ్‌లా కనిపిస్తాయి. 'ఓ' గ్రూపు రోగి సీరంతో 'ఏ' గ్రూపు దాతను పెడితే వచ్చే పాజిటివ్ యాంటీ-ఏ వల్ల కావచ్చు, దాన్ని హెచ్‌ఎల్‌ఏ ఖాతాలో రాయకండి. హెచ్‌ఎల్‌ఏనా హెచ్‌పీఏనా తేల్చాలంటే అదే పరీక్షను క్లోరోక్విన్‌తో శుద్ధిచేసిన ప్లేట్‌లెట్ల మీద మళ్లీ చేయండి. అది హెచ్‌ఎల్‌ఏను చాలావరకు తొలగిస్తుంది, అయినా పాజిటివ్ మిగిలితే హెచ్‌పీఏ వైపు వెళ్లండి.

బ్యాగు దొరకనప్పుడు

సరిపడే బ్యాగు లేదు, రక్తస్రావమూ లేదు అంటే కౌంట్ 5,000 ఉందని మాత్రమే దొరికిన బ్యాగు ఎక్కించకండి. కౌంట్ పెరగదు, దాత శ్రమ వృథా, కొత్త యాంటీబాడీలు అదనం. రక్తస్రావం మొదలైతే మాట వేరు. అప్పుడు దొరికిన తాజా, అదే గ్రూపు బ్యాగులే దగ్గర దగ్గరగా ఇస్తారు. గంట కౌంట్ కదలకపోయినా రక్తం ఆగడాన్నే కొలతగా పెట్టుకోండి.

దానితోపాటు: హిమోగ్లోబిన్ 8కి పైన ఉంచడం (ఎర్రకణాలు తగినన్ని ఉంటేనే ప్లేట్‌లెట్లు రక్తనాళం గోడ వైపు జరుగుతాయి), ఫైబ్రినోజెన్ (గడ్డకట్టించే ప్రోటీన్) తగ్గితే క్రయో (అది ఎక్కువగా ఉండే ప్లాస్మా భాగం) ఇవ్వడం; ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు, ఇంట్రామస్క్యులర్ ఇంజెక్షన్లు మానేయడం; నెలసరి ఉన్న స్త్రీలకు నోరెథిస్టెరోన్ ఇవ్వడం. చిగుళ్లు, ముక్కు రక్తానికి ట్రనెక్సామిక్ యాసిడ్ ఉపయోగపడుతుంది. మూత్రంలో రక్తం పడుతున్నా, డీఐసీ ఉన్నా ఇవ్వకూడదు, గడ్డలు కట్టి మూత్రనాళం మూసుకుపోవచ్చు. ఐవీఐజీతో హెచ్‌ఎల్‌ఏ రిఫ్రాక్టరీలో నిలకడైన లాభం లేదు. అది అక్కరకొచ్చేది పోస్ట్ ట్రాన్స్‌ఫ్యూజన్ పర్పురాలో. రక్తం ఎక్కించిన 5 నుంచి 12 రోజులకు కౌంట్ హఠాత్తుగా కూలితే దాన్ని గుర్తుచేసుకోండి.

దాతల పుస్తకం, తిరిగి పరీక్ష

ఎంచి ఇచ్చిన ప్రతి బ్యాగుకూ గంట సీసీఐ తీసి, రోగి పేరు కింద దాత నంబరు, హెచ్‌ఎల్‌ఏ, ఫలితం రాయండి. కాగితం మీద మ్యాచ్ కాకపోయినా పనిచేసిన దాత, మ్యాచ్ అయినా పనిచేయని దాత ఇందులోనే బయటపడతారు. పనిచేసిన దాతకే మళ్లీ ఫోన్ చేయాలి.

కొత్త లుకేమియా, అప్లాస్టిక్ అనీమియా రోగులకు మొదటి బ్యాగు నుంచే ల్యూకో ఫిల్టర్ చేసిన రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వండి, యూనిట్‌లో తెల్లకణాలు 5×10⁶ దాటకూడదు. 1997లో వచ్చిన ట్రాప్ అధ్యయనంలో ఫిల్టర్ లేనివాళ్లలో 45 శాతం మందికి హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు వస్తే, తెల్లకణాలు తీసేసిన లేదా యూవీ-బీ శుద్ధిచేసిన ప్లేట్‌లెట్లు తీసుకున్నవాళ్లలో అది 17 నుంచి 21 శాతమే. రిఫ్రాక్టరీ అయినవాళ్లు 13 శాతం నుంచి 3–5 శాతానికి తగ్గారు. గర్భాల వల్ల ముందే యాంటీబాడీలు ఉన్నవాళ్లకు ఈ రక్షణ అంతగా అందదు. బీపీకి ఏసీఈ ఇన్‌హిబిటర్ మాత్రలు వాడే రోగికి మంచం పక్కన ఫిల్టర్ పెడితే ఒక్కసారిగా బీపీ పడిపోవచ్చు. ఇలాంటివాళ్లకు బ్లడ్ సెంటర్‌లోనే ఫిల్టర్ చేసిన యూనిట్ పంపండి.

హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు ఎప్పటికీ అలాగే ఉండవు. ప్లేట్‌లెట్లు ఎక్కుతున్నంతకాలం నెలకొకసారి సీరం మళ్లీ పంపండి. కొత్తవి పుడితే దాతల జాబితా మార్చండి. కొందరిలో బాగా తగ్గిపోతాయి. అప్పుడు మామూలు ఎస్‌డీపీ ఒకటి ఇచ్చి గంట కౌంట్ చూడండి, నిలిస్తే టైపింగ్ చేసిన దాతను ఇంకో రోగికి వదిలేయొచ్చు.